మూడు వైపుల లెక్క

స్లాబు పొడవు 40 అడుగులు, వెడల్పు 30 అడుగులు, మందం 5 అంగుళాలు. మన ఊళ్లలో కట్టే మామూలు ఇంటికి ఇలాంటి కొలతలే ఉంటాయి. రెడీమిక్స్ ప్లాంటుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ఎన్ని క్యూబిక్ మీటర్లు కావాలి సార్?" మేస్త్రీ టేపు అడుగుల్లో పట్టాడు, మందం అంగుళాల్లో చెప్పాడు, ప్లాంటువాళ్లు మీటర్లలో అమ్ముతున్నారు. కొత్తగా సైటుకు వచ్చిన సూపర్‌వైజర్లు తడబడేది ఇక్కడే. చదువు చాలక కాదు. పరీక్షలో అన్ని కొలతలూ ఒకే రకంగా ఇచ్చిన లెక్కలు చేసి వచ్చారు. సైటులో ఒక్క స్లాబుకే మూడు రకాలు ఎదురవుతాయి.

చేసి చూద్దాం. 40ని 30తో గుణిస్తే 1,200 చదరపు అడుగులు. 5 అంగుళాలంటే అడుగులో పన్నెండింట ఐదు వంతులు. 1,200ను 5తో గుణించి 12తో భాగిస్తే 500 ఘనపు అడుగులు. సైటు భాషలో 500 సీఎఫ్‌టీ. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. తర్వాతి అడుగులోనే కాలు జారుతుంది. మీటరుకు 3.28 అడుగులు కదా అని 500ను 3.28తో భాగిస్తే 152 వస్తుంది. ఆ అంకె చూడగానే ఎవరికైనా అనుమానం రావాలి, వస్తుంది కూడా. అంతకన్నా ప్రమాదం రెండో తప్పుతో. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులన్నది ఫ్లాట్ల బేరాల్లో అందరి నోళ్లలో నలిగిన అంకె. దానితో భాగిస్తే 46.5 వస్తుంది. చూడ్డానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, కానీ కావాల్సినదానికి మూడింతలకు పైనే. అసలు జవాబు 14.16 ఘనపు మీటర్లు. 500ను భాగించాల్సింది 35.31తో.

ఈ 35.31 ఎక్కడిదో ఒక్కసారి బుర్రకెక్కితే దాన్ని బట్టీ పట్టే పని ఉండదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెను ఊహించుకోండి. దాని పొడవు వెంట 3.28 అడుగులు పడతాయి. వెడల్పు వెంట మళ్లీ 3.28. ఎత్తు వెంట మరోసారి 3.28. మూడు వైపులా కొలత మారింది కాబట్టి 3.28ని మూడు సార్లు హెచ్చించాలి. 3.28 తర్వాతి దశాంశాలనూ కలుపుకుంటే అలా వచ్చేదే 35.31. పొడవుకు ఒకసారి, వైశాల్యానికి రెండు సార్లు, ఘనపరిమాణానికి మూడు సార్లు. అడుగుకు 12 అంగుళాలైతే ఘనపు అడుగుకు 12 × 12 × 12, అంటే 1,728 ఘనపు అంగుళాలు. మీటరుకు 100 సెంటీమీటర్లైతే ఘనపు మీటరుకు 10 లక్షల ఘనపు సెంటీమీటర్లు. నూరు కాదు, పదివేలు కూడా కాదు.

మన పాత కొలతల్లో ఈ చిక్కు లేదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి పాత్ర పరిమాణం మారేది కానీ లెక్క మాత్రం సూటిగా ఉండేది. ఎందుకంటే అక్కడ కొలిచేదే ఘనపరిమాణం. పాత్రతో నేరుగా కొలిచారు, పాత్రను పాత్రతో పోల్చారు. లీటర్లు, మిల్లీలీటర్లు కూడా అంతే, వెయ్యితో భాగిస్తే అయిపోయింది. టేపు పట్టి మూడు పొడవులు కొలిచి వాటినుంచి ఘనపరిమాణం కట్టినప్పుడే మూడు సార్లు హెచ్చించే అవసరం వస్తుంది. పాలు, బియ్యం కొలిచిన అలవాటుతో స్లాబును మార్చబోవడం వల్లే చాలామంది లెక్క తప్పుతుంది.

అందుకే నేను కొత్తవాళ్లకు గట్టిగా చెప్పే మాట ఒకటుంది: ముందు వైపులు మార్చండి, తర్వాతే గుణించండి. 40 అడుగులంటే 12.192 మీటర్లు, 30 అడుగులంటే 9.144, 5 అంగుళాలంటే 0.127. ఈ మూడూ గుణిస్తే నేరుగా 14.16 వస్తుంది. ఏ అంకెతో భాగించాలన్న ప్రశ్నే రాదు. అడుగుల దారిలో వచ్చిన జవాబును ఈ దారిలో సరిచూసుకోవచ్చు కూడా. రెండూ కలిస్తే ధైర్యంగా ఫోన్ చేయండి.

అంగుళాలతో ఇంకో గోతి ఉంది. 5 అంగుళాలను కాలిక్యులేటర్లో 0.5 అని కొట్టేస్తారు. సగం అడుగంటే 6 అంగుళాలు. ఆ ఒక్క అంకెతో మన స్లాబు 600 ఘనపు అడుగులైపోతుంది. దాదాపు 2.8 ఘనపు మీటర్ల కాంక్రీటు ఎక్కువ తెప్పించినట్టు. మిగిలింది తిరిగి తీసుకోరు, దాచుకోవడానికీ ఉండదు. అదే 5 అడుగుల 3 అంగుళాలను 5.3 అని కాక 5.25 అని కొట్టాలి. మీటర్లలో పనిచేసేవారికి ఈ బాధ లేదు. కొలతలన్నీ పదుల్లోనే ఉంటాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారినా స్థలం గజాల్లో, ఇసుక అడుగుల్లో, స్లాబు మందం అంగుళాల్లో నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి రెండు పద్ధతులూ చేతిలో ఉండక తప్పదు.

మందం విషయంలో మరీ జాగ్రత్త. పొడవులో ఒక అంగుళం తేడా వస్తే పెద్దగా నష్టం లేదు. మందంలో అర అంగుళం తేడా మాత్రం 1,200 చదరపు అడుగుల మీద పరుచుకుంటుంది. 50 ఘనపు అడుగులు, అంటే 1.4 ఘనపు మీటర్లు. సెంట్రింగ్ షీట్లు మధ్యలో కుంగితే జరిగేది అదే. సాధారణంగా లారీ మిక్సరులో 6 ఘనపు మీటర్లు పడతాయి. రెండు బండ్లు ఖాళీ అయ్యాక మూడో బండికి ఎంత చెప్పాలన్నది అప్పటిదాకా పోసిన మందం చూసి తేల్చుకోవాలి, ముందే కాగితం మీద కాదు. బీముల లెక్క స్లాబులో కలిసిపోకుండా విడిగా రాసుకోండి. స్లాబు కిందికి దిగిన లోతును మాత్రమే బీము ఎత్తుగా తీసుకోవాలి, లేకపోతే పై భాగం రెండు సార్లు లెక్కకొస్తుంది.

సైటులోనే కలుపుకునేవారికి లెక్క ఇంకో మెట్టు ముందుకెళ్తుంది. తడి కాంక్రీటు ఒక ఘనపు మీటరు కావాలంటే సిమెంటు, ఇసుక, కంకర పొడిగా కొలిస్తే దాదాపు 1.54 ఘనపు మీటర్లు ఉండాలి. కంకర రాళ్ల మధ్య ఖాళీలోకి ఇసుక దూరుతుంది, ఇసుక రేణువుల మధ్యకు సిమెంటు దూరుతుంది, కలిపాక మొత్తం కుంచించుకుపోతుంది. ఎం20 రకానికి వాడే ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో మన స్లాబుకు సుమారు 114 బస్తాల సిమెంటు, 210 ఘనపు అడుగుల ఇసుక, 420 ఘనపు అడుగుల కంకర పడతాయి. 50 కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం దాదాపు 35 లీటర్లు, అంటే సుమారు ఒకటింపావు ఘనపు అడుగు. కొలత పెట్టెను ఆ పరిమాణానికి చేయించుకుంటే బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర అని నోటి లెక్కతో సాగిపోతుంది. తట్టలతో కొలిచే చోట్ల ఒకరు నిండా, ఇంకొకరు తలగొట్టి పోస్తారు. అక్కడ ఏ లెక్కా నిలవదు. పెట్టె చేయించడానికయ్యే ఖర్చు మొదటి స్లాబులోనే తిరిగొస్తుంది.

ఇక ఇసుక. ఎక్కువ డబ్బు చేతులు మారేదీ, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

చాలాచోట్ల 100 ఘనపు అడుగులను ఒక యూనిట్ అంటారు. మీటర్లలో 2.83 ఘనపు మీటర్లు. ట్రాక్టరు వచ్చి ఆగగానే డ్రైవరు "యూనిట్ పైనే ఉంది సార్" అంటాడు. "ఉంటే మంచిదే తమ్ముడూ, ఒకసారి టేపు పట్టు" అనడంలో మొహమాటం అక్కర్లేదు. ట్రక్కు లోపలి పొడవు, లోపలి వెడల్పు కొలవండి. బయటి రేకు మందం మీ ఇసుక కాదు. ఎత్తుకు పక్క పలక ఎత్తు తీసుకోవద్దు. ఇసుకలో ఇనుప చువ్వ గుచ్చి అడుగు పలకకు తగిలేదాకా దించండి. నాలుగు మూలల్లో, మధ్యలో గుచ్చి సగటు తీయండి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ట్రక్కులో రెండడుగుల ఎత్తున ఉంటే 120 ఘనపు అడుగులు. మూడంగుళాలు తగ్గితే 105. కంటికి మూడంగుళాలు ఆనవు కానీ సరుకులో ఎనిమిదో వంతు పోయింది. దారి పొడుగునా కుదుపులకు ఇసుక కొంత అణుగుతుందన్నది నిజమే. అందుకే రేవులో కొలిచిన లెక్క ఇంటి దగ్గర తగ్గొచ్చు. ఎక్కడ కొలిచిన లెక్కకు డబ్బిస్తారో బేరంలోనే తేల్చుకుంటే తర్వాత గొడవ ఉండదు.

టేపు పట్టినా దొరకని మోసం ఇంకొకటుంది. దానిలో మనిషి తప్పు కూడా ఉండకపోవచ్చు. చెమ్మగిల్లిన ఇసుక ఉబ్బుతుంది. ప్రతి రేణువు చుట్టూ సన్నటి నీటిపొర చేరి రేణువులను దూరం దూరంగా నిలబెడుతుంది. నూటికి ఐదు పాళ్ల చెమ్మ ఉన్నప్పుడు ఘనపరిమాణం పావువంతు దాకా పెరగగలదు, సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువే. పూర్తిగా నీళ్లలో మునిగితే ఆ పొర పోయి రేణువులు మళ్లీ దగ్గరకొస్తాయి, పొడి ఇసుక ఎంతుందో అంతే అవుతుంది. చిన్న పరీక్ష చాలు. నిలువు గోడలున్న గాజు జాడీలో చెమ్మ ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోయండి. దాన్ని ఒక పళ్లెంలోకి తీసి, జాడీలో సగం నీళ్లు పోసి, ఇసుకను మళ్లీ వేస్తూ కడ్డీతో కలపండి. పేరుకున్నాక ఎత్తు 16 సెంటీమీటర్లు ఉంటే ఉబ్బు పావువంతు. అంటే మీరు కొన్న 100 ఘనపు అడుగుల్లో అసలు ఇసుక 80.

ఇది డబ్బుతో ఆగిపోదు. మన స్లాబుకు కావాల్సిన 210 ఘనపు అడుగులు పొడి లెక్క. చెమ్మ ఇసుకనే అదే పెట్టెతో అన్నే పెట్టెలు వేస్తే నిజానికి పడేది 168. కంకర మధ్య ఖాళీలు పూడవు, షీట్లు విప్పాక అడుగున గుల్లలు కనిపిస్తాయి, ఇనుముకు తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. పావువంతు ఉబ్బుంటే పెట్టెలూ పావువంతు ఎక్కువ వేయాలి, ఇసుకలో ఉన్న నీటిని గుర్తుంచుకుని కలిపే నీళ్లు తగ్గించాలి. వానాకాలం స్లాబుల్లో ఈ రెండూ పట్టించుకునే మేస్త్రీ దొరికితే వదులుకోకండి.

తూకంతో అమ్మే చోట లెక్క వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇసుకను టన్నుల్లో అమ్ముతూ స్టాక్ యార్డు దగ్గర టన్నుకు 375 రూపాయలుగా ధర పెట్టింది. ఆ తర్వాత విధానాలు మారాయి కానీ టన్నుల లెక్కను అడుగుల్లోకి మార్చుకోవాల్సిన అవసరం జనానికి అప్పుడు బాగా తెలిసొచ్చింది. వదులుగా పోసిన పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన టన్నుకు 22 ఘనపు అడుగులు, యూనిట్‌కు నాలుగున్నర టన్నులు. 375 రూపాయల ధరకు యూనిట్ ఇసుక 1,700 రూపాయలన్నమాట, రవాణా కాకుండా. నా మట్టుకు నేను చెమ్మ ఇసుకను తూకానికే కొనమంటాను, ఎందుకంటే ఐదు పాళ్ల నీళ్లు బరువులో ఐదు పాళ్లే దోచుకుంటాయి, ఘనపరిమాణంలో ఐదో వంతు దోచుకుంటాయి. నీళ్లోడుతున్న ఇసుకను మాత్రం తూకానికి కొనొద్దు. నీటికి డబ్బు కట్టినట్టవుతుంది.

మట్టి పనిలోనూ ఇదే ఉబ్బు ఉంటుంది, కారణం వేరు. గట్టి నేలను తవ్వితే మట్టి వదులవుతుంది. ఐదడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న పునాది గుంట 125 ఘనపు అడుగులు. అలాంటివి పన్నెండు తవ్వితే 1,500. పావువంతు ఉబ్బు వేసుకుంటే తరలించాల్సిన మట్టి 1,875 ఘనపు అడుగులు. 120 అడుగుల ట్రాక్టరుకు పదహారు ట్రిప్పులు. తవ్వకానికి కూలి గుంట కొలతకు ఇవ్వాలి, రవాణాకు బాడుగ వదులు మట్టి కొలతకు ఇవ్వాలి. రెండింటినీ కలిపేస్తే కూలీకో, ట్రాక్టరు యజమానికో అన్యాయం జరుగుతుంది. బేస్‌మెంట్ నింపేటప్పుడు అంతా తలకిందులు. దిమ్మిస కొట్టాక మట్టి దిగుతుంది కాబట్టి ఎక్కువ తెప్పించుకోవాలి.

నీళ్ల పని చేసేవారికి గుర్తుండాల్సింది ఒక ఘనపు అడుగు అంటే 28.32 లీటర్లని. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న సంపు 240 ఘనపు అడుగులు, 6,797 లీటర్లు. పైన అర అడుగు ఖాళీ ఉంటుంది కాబట్టి నిజంగా పట్టేది 6,100 చిల్లర. 5,000 లీటర్ల ట్యాంకరు పిలిచే ముందు అడుగున ఎన్ని నీళ్లున్నాయో చూసుకోవాలి. గుండ్రటి బావికో, డ్రమ్ముకో అయితే అడ్డకొలతను అదే అడ్డకొలతతో గుణించి, నీటి లోతుతో గుణించి, అంతా 22.24తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఇరవై అడుగుల అడ్డకొలత ఉన్న బావిలో పదడుగుల నీళ్లుంటే దాదాపు 89 వేల లీటర్లు. ప్రతి వెయ్యి లీటర్లూ ఒక టన్ను బరువు. స్లాబు మీద ట్యాంకు పెట్టే ముందు ఆ మాట ఇంజనీరు చెవిన వేయండి.

కాలువ మీద పనిచేసేవారికి, పేపరు చదివే రైతుకు టీఎంసీ కొత్త కాదు. వంద కోట్ల ఘనపు అడుగులు, 2,832 కోట్ల లీటర్లు. వాడుకలో దీన్ని క్యూసెక్కులతో కలిపి చూడటం ముఖ్యం. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపు అడుగు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఎకరంలో 43,560 చదరపు అడుగులు. ఒక టీఎంసీ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు తడుస్తాయి. కాలువ కింద మీ వాటా ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని రోజులు అని అధికారిని అడిగితే ఎన్ని ఎకరాలకు తడి అందుతుందో మీరే తేల్చుకోవచ్చు.

మెకానిక్కులకు సీసీ అంటే ఘనపు సెంటీమీటరే, అదే మిల్లీలీటరు. పాత బుల్లెట్ సిలిండరు అడ్డకొలత 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. ముందు సెంటీమీటర్లలోకి మార్చి, 7 × 7 × 9ను 0.7854తో గుణిస్తే 346 సీసీ. అర మిల్లీమీటరు బోరు పెంచితే 351 అవుతుంది. మిల్లీమీటర్లతోనే గుణిస్తే వచ్చే జవాబును పదితో కాదు, వెయ్యితో భాగించాలి.

కలప కొనేవారు అడగాల్సిన ప్రశ్న వేరు. కోసిన చెక్కకు లెక్క సులువు: రెండు వైపులు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగించాలి. నాలుగంగుళాలకు మూడంగుళాలు, ఏడడుగుల పొడవున్న గుమ్మం నిలువు 0.58 ఘనపు అడుగు. దుంగ దగ్గర మాత్రం చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించే పాత పద్ధతి ఉంది. ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లండ్ సర్వేయరు 1736లో ప్రచురించిన పట్టికలతో ఆయన పేరు దీనికి స్థిరపడింది. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కలో 10 ఘనపు అడుగులు. నిజ ఘనపరిమాణం 12.73. తేడాను బెరడు, కోతలో పోయే పొట్టు కింద వదిలేస్తారు. అమ్మేవాడు దుంగకు ఏ లెక్క కడుతున్నాడో తెలియకుండా ఘనపు అడుగు ధరను పక్క డిపో ధరతో పోల్చడం వృథా.

గల్ఫ్ సైట్లకు వెళ్లే మనవాళ్లకు అంతా మీటర్లే, హాయి. అమెరికాలో ఇల్లు కట్టించుకునేవారికి కాంక్రీటు యార్డుల్లో అమ్ముతారు. అక్కడ యార్డంటే ఘనపు గజం, మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు, అంటే 27 ఘనపు అడుగులు. మన 500 ఘనపు అడుగుల స్లాబుకు అక్కడ పద్దెనిమిదిన్నర యార్డులు చెప్పాలి.